మా అత్త ఉప్పు చెయ్యి

మా అత్త ఉన్నన్నాళ్ళూ, పదకొండేళ్ళు, ఆ ఇంట్లో నేనే వంట చేశాను. ఆ పదకొండేళ్ళలో ఒక్కనాడు కూడా కూరలో ఉప్పు వేయలేదు. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నన్ను వేయనిచ్చిందెవరు? కూరలు తరగడం నాది, పొయ్యి ఊదడం నాది, పొగకు కళ్ళు ఎర్రగా చేసుకోవడం నాది, కారం, పసుపు, చింతపండు అన్నీ నావే. ఉప్పు మాత్రం మా అత్తది. పులుసు మసులుతుండగా నేను "అత్తమ్మా, ఉప్పు" అని కేకేయాలి. ఆవిడ దొడ్లో బర్రె దగ్గర ఉన్నా సరే, చేతులు కడుక్కుని వచ్చి, గడపకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడి, ఉప్పు కుండలో చెయ్యి ముంచి, పిడికెడు రాళ్ళుప్పు తీసి గిన్నెలో వేసి పోయేది. రుచి చూసేది కాదు. తన చెయ్యి తప్పుతుందన్న అనుమానం ఆవిడకు ఏ జన్మలోనూ కలిగి ఉండదు.

ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో అదే పద్ధతి. ఇంటి పెద్ద ఆడమనిషి చేతి ఉప్పే ఆ ఇంటి ఉప్పు. కోడలు ఉప్పు కుండలో చెయ్యి పెట్టిందంటే పెత్తనం చేతులు మారిందని లెక్క. అత్త మంచాన పడితేనో, అసలే లేకుండా పోతేనో జరిగే పని అది. అందుకని ఏ కోడలూ ఆ కుండ వైపు చూసేది కాదు, చూసినా చూడనట్టే ఉండేది.

మా ఊరు గద్వాల నుంచి మానవపాడు వైపు ఎడ్లబండి మీద రెండు గంటల దారి. నేను పుట్టి పెరిగింది వనపర్తిలో. మా నాన్న కచేరీలో రాతపని చేసేవాడు. మా పక్కిల్లు సాయిబులది. వాళ్ళ ఆడపిల్లలతో ఆడి ఆడి నాకు ఉర్దూ వచ్చేసింది. ఆ ఉర్దూయే తర్వాత నా కొంప ముంచింది.

మా అత్త రాయచూరు వైపు పిల్ల. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. ఆవిడకు కోపం ఏ మేరకు వచ్చిందో నేను భాషను బట్టి చెప్పేదాన్ని. మామూలు కోపమైతే తెలుగులో తిట్టేది. తలకెక్కితే కన్నడంలోకి దిగేది. "సుమ్మనిరు" అందంటే నోరు మూసుకోమని. ఆ మాట వినపడగానే ఇంట్లో పిల్లల నుంచి జీతగాళ్ళ దాకా ఎవరి పని వాళ్ళు వెతుక్కునేవాళ్ళు. మా మామ అందుకు సరిగ్గా ఎదురు. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున లేచి బావి దగ్గర మోట కట్టడానికి పోతే, ఆయనతో ఎడ్లు ఎక్కువ మాట్లాడేవో, ఎడ్లతో ఆయన ఎక్కువ మాట్లాడేవాడో చెప్పడం కష్టం.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఒక ఎండాకాలం మా అత్తకు తలనొప్పులు మొదలయ్యాయి. మెడ వెనక పట్టేసినట్టుంటుందని, చెవుల్లో రొద అని, శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసుకునేది. ఒకరోజు కల్లంలో పల్లికాయ చెరుగుతూ చెరుగుతూ, పనివాళ్ళ మీద కేకలు వేస్తూ ఉన్నట్టుండి ముక్కు మీద చెయ్యి పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. అరగంటైనా ఆగలేదు. మామ బండి కట్టాడు. ఉర్దూ వచ్చినదాన్ని కాబట్టి నన్ను కూడా ఎక్కమన్నారు.

గద్వాల బజారులో హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు ఒకాయన దవాఖాన పెట్టుకుని ఉన్నాడు. పెద్దాయన, తెల్ల షేర్వాణీ, నిదానమైన మాట. మేము పోయేసరికి మా అత్త ముక్కు ఆగింది గాని నోరు ఆగలేదు. ఆయన మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు పట్టించుకోలేదు.

"ఏందీయన, మనం మనుషులం కాదా" అంది అత్త.

"అమ్మా, జర దమ్ తీసుకొండ్రి. వచ్చిన ఊపుల చూస్తే తప్పు లెక్క వస్తది. జర సేపు మాట లేకుండ కూచోండ్రి" అన్నాడాయన.

మాట లేకుండా కూర్చోవడం మా అత్తకు ఆ జబ్బుకంటే పెద్ద జబ్బు. అయినా కూర్చుంది. అప్పుడాయన ఒక చెక్కపెట్టె తెరిచాడు. మూతలో నిలువుగా గాజుగొట్టం, దాంట్లో పాదరసం, పక్కన గీతలు, అంకెలు. ఒక గుడ్డపట్టీ రబ్బరు గొట్టంతో దానికి తగిలించి ఉంది. పరాయి మగవాడు చెయ్యి ముట్టుకోవడమేమిటని ఆవిడ చెయ్యి కొంగులో దాచుకుంది. చివరికి మామే పట్టీ చుట్టాడు, డాక్టరు రబ్బరు బుడ్డి నొక్కాడు. పాదరసం జరజరా పైకి పోయింది. ఆయన మోచేతి మడత దగ్గర గొట్టం పెట్టి విన్నాడు. మళ్ళీ నొక్కాడు. రెండో చేతికి కూడా కట్టి చూశాడు. ఆయన ముఖం మారింది.

"ఖూన్ కా దబావ్ బహుత్ జ్యాదా హై" అన్నాడు నాతో. నెత్తురు తోపు చాలా ఎక్కువగా ఉందని నేను మావాళ్ళకు చెప్పాను. అదేమిటో మామకు అర్థం కాలేదు. అప్పుడు డాక్టరు తన వచ్చీరాని తెలుగులో మామ వైపు తిరిగి చెప్పాడు. "మోట కొడుతరు కదా మీరు. నీళ్ళు జోరు మీద కాలువల పడితే గట్టు కోస్తది. గట్లనే లోపల నెత్తురు జోరు మీదుంటే నెత్తిల నరం కోస్తది. గప్పుడు మనిషి పడిపోతది."

"ఎన్నడు?" అన్నాడు మామ. ఆ రోజంతా ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"రేపు కావచ్చు. జాగ్రత్త పడితే ఇరవై ఏండ్లకు కూడ కాకపోవచ్చు. ఒక్క మాట గుర్తు పెట్టుకొండ్రి. నొప్పి లేదని జోరు లేదనుకోవద్దు. చాలమందికి ఏ నొప్పి లేకుండనే ఉంటది."

ఆ తర్వాత ఏం చేయాలో ఉర్దూలో నాకు చెప్పాడు. ఇంత జోరును ఇట్టే దించే మందు తన దగ్గర లేదని, నిద్రకు ఒక అరకు మందు ఇస్తానని, అసలు మందు తిండిలోనే ఉందని అన్నాడు. ఉప్పు బాగా తగ్గించాలి. తొక్కు పచ్చళ్ళు, అప్పడాలు, ఉప్పు మిరపకాయలు మానాలి. పొద్దున కొంత దూరం నడవాలి, ఒళ్ళు తగ్గాలి, మధ్యాహ్నం కాసేపు పడుకోవాలి, నెలకోసారి వచ్చి చూపించుకోవాలి. నేను ఒక్కొక్కటే చెబుతుంటే అత్త తల ఊపింది. మధ్యాహ్నం పడుకోవాలంటే మరీ గట్టిగా ఊపింది. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి తల ఆగిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది.

బండి ఊరి దారి పట్టాక మొదలైంది.

"ఉర్దూల ఏమో గుసగుస పెట్టినవ్ ఆయనతోని."

"గుసగుస ఏముంది అత్తమ్మా, ఆయన చెప్పింది చెప్పిన."

"నడుమన్నడు, నమ్ముత. పండుమన్నడు, నమ్ముత. దవాఖానాయనకు నా ఉప్పు కుండతోని ఏం పని? అది నువ్వు కలిపినవ్."

నాకు ఒళ్ళు మండింది. నాకూ కోపం తక్కువేం కాదు, కోడల్ని గనుక దాచుకున్నాను గాని. "నీ ఉప్పు కుండ నాకెందుకత్తా, నువ్వు బతికుంటే చాలు" అనేశాను.

"సూసినవా, సావు మాట తీసింది" అంది మామతో. మామ ఎడ్లను అదిలించాడు. చేయని తప్పుకు దోషిగా ఇంట్లో అడుగు పెట్టాను. ఆ మనిషి ఏ రోజైనా పడిపోవచ్చన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. దాన్ని ఆపే మాట నా నోట్లో ఉంది, ఆ నోటి మీద ఆవిడకు నమ్మకం లేదు.

ఊళ్ళో మాత్రం వేరే కథ పుట్టింది. గద్వాల డాక్టరు దగ్గర కోపం కొలిచే మిషన్ ఉందట, దాంట్లో మా అత్త కోపం పైదాకా పోయిందట. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడిగేవాళ్ళు. "ఎంత వచ్చిందమ్మా?"

"రెండు నూర్లకు జర తక్కువ" అనేది అత్త, పంటెంత వచ్చిందో చెప్పినంత గొప్పగా.

ఇది మా అత్త తోడికోడలికి నచ్చలేదు. పక్క వాడలో ఉండేది ఆవిడ. భూమిలో, బంగారంలో మా అత్తకంటే రవ్వంత ఎక్కువే అయినప్పుడు కోపంలో మాత్రం తక్కువెందుకు కావాలి? పనిగట్టుకుని గద్వాలకు పోయి కొలిపించుకుంది. నూట ఇరవై. మా అత్త వినగానే సానుభూతిగా నిట్టూర్చింది. "పాపం, అంతే వస్తది. ఆ ఇంట్ల ఆమె మాట ఎవరింటరు?"

ఇంట్లో ఉప్పు మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. పైగా నా మీద పంతంతో పిడికిలి ఇంకాస్త పెద్దదైంది. పచ్చిపులుసు నోట్లో పెట్టుకుంటే నాలుక గీరుకుపోయేది. "అత్తమ్మా, జర తగ్గించు" అంటే "సుమ్మనిరు". మామిడి తొక్కు వద్దంటే, "తొక్కుల ఉప్పు ఊరి ఊరి చచ్చిపోతది, అది ఉప్పు కిందికి రాదు" అని కొత్త సిద్ధాంతం. మా ఆయనతో మొరపెట్టుకున్నాను. ఆయన తల్లికి చెప్పబోయి, సగంలో నీళ్ళు నమిలి, పొలం పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న పోలిక.

మాటతో కాదని నేనొక ఉపాయం పన్నాను. నా జన్మలో నేను పన్నిన ఉపాయాల్లో అంత తెలివితక్కువది ఇంకొకటి లేదు. వానలు పడ్డాయి. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లి నీరు కారుతుంది. ఆ సాకుతో కుమ్మరి దగ్గరికి పోయి, మూతి సన్నగా ఉన్న కుండ ఒకటి చేయించాను. నా గాజుల చెయ్యి అతికష్టం మీద పట్టేంత మూతి. అత్త చెయ్యి నా చేతికి రెండింతలు. వేళ్ళ కొసలు మాత్రమే పోతాయి, చిటికెడే వస్తుంది, ఆవిడకూ తెలియదు, ఎవరికీ గొడవ లేదు. ఇదీ నా లెక్క. పాత కుండలో ఉప్పంతా దాంట్లో పోసి, పాతదాన్ని అటక మీద పెట్టాను.

ఆ పూట పప్పు ఉడికింది. "అత్తమ్మా, ఉప్పు" అన్నాను. ఆవిడ వచ్చింది. కుండ కొత్తగా కనిపించింది. "చెమ్మ తగలకుండ తెచ్చిన" అన్నాను, నేల చూపులు చూస్తూ. చెయ్యి పెట్టింది. పోలేదు. వేళ్ళు దగ్గరికి ముడిచి, మెలిపెట్టి, తోసింది. పోయింది. లోపల ఎప్పటిలాగే పిడికిలి పట్టింది. ఇక రాలేదు.

లాగింది. కుండ కూడా వచ్చింది. ఎడమ చేత్తో కుండ పట్టుకుని గుంజింది. ఊహూఁ.

"పిడికిలి విడువు అత్తమ్మా."

"విడువ."

"విడిస్తే వస్తది."

"నా ఇంట్ల నా ఉప్పు నేనెందుకు విడుస్తనే?"

చేతికి కుండతోనే వాకిట్లోకి వచ్చింది. పిల్లలు నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు పోయారు. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. పక్కింటివాళ్ళు చూడనే చూశారు. మామ అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అటు చూసి, "ఉప్పు ఇడిస్తే చెయ్యొస్తది" అన్నాడు. నేను చెప్పిన మాటే ఆయనా అనడంతో ఆవిడకు తలకొట్టేసినట్టయింది. సరాసరి రోలు దగ్గరికి పోయి కుండను దాని అంచుకేసి కొట్టింది. కుండ పగిలి, వాకిలంతా ఉప్పు చెల్లాచెదురైంది. చేతిలో పిడికిలి మాత్రం అలాగే ఉంది.

అప్పుడు నా ముఖం చూసింది. అందులో ఏం కనిపించిందో ఏమో, సంగతంతా అర్థమైపోయింది. తెలుగులో మొదలుపెట్టింది. ఏ మూతి సన్నం చేస్తే ఎవరి చెయ్యి ఆగుతుందో, ఎవరి పుట్టింట్లో ఇట్లాంటి బుద్ధులు నేర్పుతారో అన్నీ అడిగింది. తర్వాత కన్నడంలోకి పోయింది. నేను తల వంచుకుని "సుమ్మనిరు" కోసం ఎదురు చూస్తున్నాను. అది రాలేదు. ఏ మాటా రాలేదు.

తలెత్తి చూశాను. ఆవిడ పెదవులు ఒక పక్కకు జారి ఉన్నాయి. కుడి చెయ్యి వేలాడిపోయింది. ఆ చేతిలోంచి ఉప్పు దానంతటదే కింద పడుతోంది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. అంత భారీ మనిషి నా మీదికి ఒరిగితే ఇద్దరం ఆ ఉప్పు మీదనే కూలబడ్డాం. నేనే చంపాను అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నానట, మా ఆయన తర్వాత చెప్పాడు.

మామ అన్నానికి కూర్చోకుండా బండి కట్టుకుని గద్వాలకు పోయాడు. మేము అత్తను మంచం మీద పడుకోబెట్టాం. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. ఆ ఇంట్లో నేను ఆరేళ్ళుగా కోరుకున్న నిశ్శబ్దం అదే. ఒక్క తిట్టు తిడితే బాగుండునని ఎంత ఏడ్చానో నాకు తెలుసు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కే వేళకు ఆవిడ వేళ్ళు కదిలాయి. కాసేపటికి పెదవులు కూడా కదిలాయి. దగ్గరికి వంగాను.

"ఉప్పు... ఎత్తినవా?" అంది ముద్దముద్దగా. "తొక్కుతరే... ఎవరన్న."

ఉప్పును కాలితో తొక్కితే మహాపాపమని మావాళ్ళ పట్టింపు. చావు అంచుదాకా పోయొచ్చిన మనిషి అడిగిన మొదటి మాట అది. ఏడుస్తూనే పోయి వాకిలంతా ఊడ్చి ఎత్తాను.

డాక్టరు వచ్చేసరికి మాట చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి లేస్తోంది గాని పట్టు లేదు. ఆయన పెట్టె తెరిచి కొలిచాడు. "నరం మూసుకొని మళ్ళ తెరుచుకున్నదమ్మా. నసీబు బాగుంది. ఇంకోసారి గిట్ల తెరుచుకోదు" అన్నాడు.

అత్త ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "నిజం చెప్పు సాబ్. ఉప్పు మానుమన్నది నువ్వా, ఇదా?"

"నేనే. ఈ పిల్ల ఒక్క మాట కలుపలే, ఒక్క మాట తగ్గించలే."

ఆవిడ నన్ను చూడలేదు. "సరే. నువ్వే అన్నవ్. అయిన గని నాతోని కాదు" అంది. ఎందుకు కాదని అడిగితే చెప్పింది. తనకొక్కదానికి చప్పిడి కూర కావాలంటే వేరే గిన్నె పెట్టాలి. వేరే గిన్నె అంటే వేరే పొయ్యి. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు లేచాయంటే ఊరు ఇల్లు రెండయిందంటుంది. "నా పానం కోసం ఇల్లు రెండు చేస్తనా? ఎన్ని రోజులు బతికితే గన్ని రోజులు. ఒక్క గిన్నెల కూరే తింట."

డాక్టరు ఏం చెప్పినా కదల్లేదు. ఆయనకూ విసుగొచ్చి పట్టీ చుట్టి పెట్టెలో పెట్టబోతున్నాడు. అప్పుడు మామ, ఎవరూ అడగకుండానే, పోయి ఆయన ముందు పీట మీద కూర్చుని అంగీ చెయ్యి పైకి లాక్కున్నాడు. ఎందుకు చూపించుకోవాలనిపించిందో ఆయన ఆనాడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. డాక్టరు కాసేపు ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి, తర్వాత పట్టీ కట్టి బుడ్డి నొక్కాడు. పాదరసం ఎక్కడ ఆగిందో మాకు కనపడుతూనే ఉంది. అత్తకు వచ్చిన దానికి వేలెడు కిందగా, అంతే.

అత్త మంచం మీద లేచి కూర్చుంది.

"ఏందది? ముప్పయ్యేండ్ల సంది ఒక్క మాట అనని మనిషివి. గింత కోపం ఏడ దాచినవ్?" మంచం అంచుకు జరిగి, "అంత నా మీదనేనా?" అంది.

గదిలో అంతమందిమి ఉండి ఒక్కరమూ నవ్వు ఆపుకోలేకపోయాం. డాక్టరైతే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది కోపం కొలిచే మిషన్ కాదమ్మా. కోపం వస్తే ఆ జర సేపు జోరు ఎక్కుతది, దిగుతది. ఈ బీమారీ వేరే. చప్పుడు చెయ్యనోళ్ళకు వస్తది, నవ్వెటోళ్ళకు వస్తది. మీ ఇద్దరిది ఒక్కటే వంట, ఒక్కటే ఉప్పు."

మామ అంగీ చెయ్యి కిందికి దించుకుంటూ, "ముప్పయ్యేండ్లు నీ చేతి ఉప్పే కదా తిన్న" అన్నాడు. దెప్పిపొడుపు కాదు. ఉన్నమాటే అన్నాడు, కాస్త ఇష్టంగా కూడా అన్నాడు. అత్త ముఖంలో నవ్వు పోయింది. తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసుకుంది. తన ప్రాణం పోతుందంటే లెక్క చేయని మనిషి ఆ చేతిని చూసుకుని భయపడింది. ఆ భయం నేను నా కళ్ళతో చూశాను.

"రేపటి సంది గిన్నెల ఉప్పు పడది" అంది.

"మరి పిల్లలు?" అన్నాను నేను మెల్లగా. "పొలంల కష్టం చేసెటోళ్ళు? అందరు చప్పిడి తింటరా?"

"నేను సావలేదు కదనే. ఎవరి కంచంల ఎంత పడాల్నో నాకు ఎరుక లేదా?"

అట్లా మా ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. ఒకటే పొయ్యి, ఒకటే గిన్నె, దాంట్లో ఉప్పు ఉండదు. అందరూ కంచాల ముందు కూర్చున్నాక అత్త చిన్న గిన్నెలో ఉప్పు పట్టుకుని వరసగా వచ్చేది. పట్టు తప్పిన ఆ కుడిచేత్తోనే కంచం అంచున చిటికెడు రాల్చేది. పొలంలో చెమటోడ్చే మా ఆయనకు కాస్త ఎక్కువ, పిల్లలకు తక్కువ, నాకు మధ్యస్థంగా. మామ కంచం దాటిపోయేది. తన కంచం కూడా దాటిపోయేది. మొదటి పదిరోజులూ ఆ ఇద్దరూ ముద్ద నోట్లో పెట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకునే తీరు చూస్తే, ఏదో మందు మింగుతున్నారనుకోవాలి. నిమ్మకాయ పిండి, వెల్లుల్లి దంచి, కొత్తిమీర దండిగా వేసి నేను నా తిప్పలు పడ్డాను. నెల తిరిగేసరికి నాలుకలు దారికొచ్చాయి. తర్వాత తర్వాత బయట ఎక్కడైనా తింటే, "ఏం ఉప్పమ్మా ఇది" అని మా అత్తే వంక పెట్టడం మొదలుపెట్టింది.

పొద్దున నడక ఇంకొక తమాషా. పనేమీ లేకుండా ముసలి మొగుడు పెళ్ళాలు ఊరి బయటి దాకా పోయి ఉత్త చేతులతో తిరిగి రావడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. "ఏం పోయింది, ఏం దేవులాడుతుండ్రు?" అని అడిగేవాళ్ళు. "నా జోరు పోయింది, ఎతుకుతున్నం" అనేది అత్త. మామ నాలుగడుగులు ముందు, ఈవిడ నాలుగడుగులు వెనక, మాటలన్నీ ఈవిడవే.

పోలీసు కాపలా కూడా ఒకరి మీద ఒకరు కాసుకునేవాళ్ళు. తోడికోడలి ఇంట్లో మామ తొక్కు నాకుతుండగా అత్త పట్టుకుంది. దొడ్లో చింతచెట్టు చాటున అత్త పచ్చికాయ ఉప్పులో అద్దుకుంటుండగా మామ పట్టుకున్నాడు. ఆయన పక్కన నిలబడి చెయ్యి చాపాడు. ఆవిడ కాయ ఇచ్చేసింది.

నెలకోసారి గద్వాలకు పోవడం ఇద్దరికీ పోటీ అయింది. ఇదివరకు ఎక్కువ వచ్చిందని గొప్ప, ఇప్పుడు తక్కువ వచ్చిందని గొప్ప. జోరు పూర్తిగా దిగలేదు గాని, డాక్టరు ముఖం మారకుండా ఉండేంతకు దిగింది. బండి ఊళ్ళోకి రాగానే ఎవరు అడిగినా అడగకున్నా, "ఆయనకంటే నాకు పది తక్కువ" అని చెప్పుకుంటూ దిగేది. ఒకసారి బండి దిగుతూ దిగుతూ నా భుజం ఆసరా పట్టుకుని, ఎటో చూస్తూ, "ఆ రోజు నువ్వు నిజమే చెప్పినవ్ గదనే" అంది. ఏ రోజని నేను అడగలేదు. అప్పటికి రెండేళ్ళయింది ఆ మాట కోసం ఎదురు చూడబట్టి.

వాకిట్లో పడిపోయిన ఆ రోజు తర్వాత మొత్తం ఐదేళ్ళు బతికింది. ఆ జోరు ఆవిడను తీసుకుపోలేదు. యుద్ధం ముగిశాక ఒక వానాకాలం చలిజ్వరం వచ్చి, ఎనిమిది రోజుల్లో పోయింది. చివరి మూడు రోజులూ మామ మంచం పక్కనుంచి లేవలేదు.

కర్మలు అయిపోయాయి. చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ మంచాన పడ్డ నాటి నుంచీ వంట ఆ చుట్టాల చేతిలోనే ఉంది. ఆ పూట మళ్ళీ నేను పొయ్యి వెలిగించాను. పప్పు, పుంటికూర, జొన్న రొట్టె. అలవాటు చొప్పున గిన్నెలో ఉప్పు లేదు. కంచాలు పెట్టాను. మామ, మా ఆయన, పిల్లలు కూర్చున్నారు. వేరే ఆడమనిషి ఎవరూ లేరు, నేనూ వాళ్ళతోనే కూర్చున్నాను. పప్పు కలిపారు. చేతులు కంచాల్లోనే పెట్టుకుని ఆగారు. మా చిన్నది వంటింటి వైపు చూస్తోంది. ఎవరి కోసం ఆగామో ఒక్కసారిగా అందరికీ తెలిసింది.

ఉప్పు కుండ నా వెనకే ఉంది. ఇప్పుడు అందులో చెయ్యి పెట్టడానికి నాకు హక్కుంది. ఎవరూ ఏమీ అనరు. పెట్టకపోతేనే అంటారు. నేను లేవాలి. లేవలేకపోయాను.

మామ ఒకసారి మా అందరి కంచాల వైపు చూశాడు.

"ఈ పూటకు అందరు నా లెక్కనే చప్పిడి తినుండ్రి" అన్నాడు.

తను ముందు ముద్ద పెట్టుకున్నాడు. తర్వాత మా ఆయన, తర్వాత నేను. పిల్లలు కూడా ఉప్పు అడగకుండా తిన్నారు.